సంపూర్ణ సూర్యగ్రహణ దర్శనము: స్థలనిర్ణయ విధానము

గ్రహణము ఎప్పుడు సంభవించునో పంచాంగము తెలుపును. స్పర్శ, మధ్య, మోక్షకాలములు అందు లెక్కగట్టి యుండును. కాని సంపూర్ణ సూర్యగ్రహణము విషయమున కాలము తెలిసినంత మాత్రమున చాలదు. ఎచ్చట నిలిచి చూడవలెనన్నది కాలనిర్ణయమున కేమాత్రమును తీసిపోని ప్రశ్న. భూమిమీద ఏదేని ఒక స్థలమును తీసికొన్నచో, అచ్చటికి సంపూర్ణ సూర్యగ్రహణము సగటున 375 సంవత్సరముల కొక్కసారి మాత్రమే వచ్చునని గణితజ్ఞులు తేల్చినారు. అనగా పుట్టిన ఊరు కదలక యుండువారిలో అధికసంఖ్యాకులు దానిని చూడకయే గతింతురు. అది దగ్గఱకు వచ్చినపుడు సైతము కొలది కోసుల దూరమున నిలిచిపోయి, దాని నందుకొనలేకపోయినవారు లెక్కకు మిక్కిలి. ఆ కొలది కోసులను ఎట్లు గడవవలెనో వివరించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

నీడ యొక్క స్వభావము

సూర్యుడు చంద్రునికంటె సుమారు 400 రెట్లు పెద్దవాడు. దూరమునందును సుమారు 400 రెట్లు ఎడమున నున్నవాడు. అందుచేతనే భూమినుండి చూచువారికి ఆ రెండు బింబములును ఇంచుమించు సమానముగా కన్పట్టును. చంద్రుడు భూమికి చేరువగా నున్న కాలమున అమావాస్యనాడు సూర్యునికి సరిగా అడ్డు వచ్చినచో, అతని చిక్కని నీడ కొన భూమిని తాకును. ఆ కొన తాకిన చోటనే సంపూర్ణగ్రహణము. చంద్రుడు దూరమున నున్నచో నీడ కొన భూమిని అందదు. అపుడు సూర్యబింబపు అంచు కంకణమువలె మిగిలిపోవును. అదియే కంకణగ్రహణము.

నీడ కొన ఒకచోట నిలువదు. అది మిక్కిలి మెల్లగా సాగునపుడు సైతము గంటకు సుమారు 1,700 కిలోమీటరుల వేగమున పడమటినుండి తూర్పునకు పరుగిడుచు, భూమిమీద ఒక సన్నని పట్టెను గీయును. ఈ పట్టెను ఛాయామార్గమందురు. దీని పొడవు వేలకొలది కిలోమీటరులు. వెడల్పు మాత్రము సాధారణముగా వంద రెండువందల కిలోమీటరులకు అటునిటు. పట్టెకు వెలుపల ఇరుప్రక్కల వేలకొలది కిలోమీటరుల వఱకు కనిపించునది పాక్షికగ్రహణము మాత్రమే.

ఇచ్చట అనేకులు పొరబడుచుందురు. నూటికి తొంబదితొమ్మిది పాళ్ళు గ్రహణమనిన, సంపూర్ణమునకు ఒక పాలు మాత్రమే తక్కువ కదా యని తలంతురు. వస్తుస్థితి అట్లు కాదు. సూర్యుని వెలుగు పూర్ణిమా చంద్రుని వెలుగునకు సుమారు నాలుగులక్షల రెట్లు. బింబములో నూఱవ వంతు మిగిలినను ఆ వెలుగు వెన్నెలకు కొన్నివేల రెట్లుండును. సూర్యుని చుట్టు నుండు కరోనా యను కాంతికిరీటమో, ఇంచుమించు పూర్ణిమా చంద్రుని వెలుగు కలది మాత్రమే. కనుక ఆ నూఱవ వంతు కప్పబడునంతవఱకు కిరీటము కనిపించదు, చుక్కలు పొడమవు, పట్టపగలు సంజచీకటి క్రమ్మదు. పట్టె అంచుకు వెలుపల నిలిచినవాడు గుడి ప్రాకారము వెలుపలనుండి మఱలినవానితో సమానుడు.

2009 జూలై 22నాటి గ్రహణము దీనికి మంచి నిదర్శనము. ఆనాడు సూరతు నగరము పట్టెలోపల నుండెను. ముంబయియు, దాని చెంతనున్న భివండీయు వెలుపల నుండెను. తెలంగాణమునుండి తరలివెళ్ళిన తెలుగు నేతవారి కుటుంబములు సూరతులోను గలవు, భివండీలోను గలవు. ఒకే కులవృత్తివారు, కొన్నిగంటల రైలు ప్రయాణపు దూరమున నున్నవారు. కాని ఒకచోటివారిపై చిక్కని నీడ సాగిపోయెను, రెండవచోటివారికి పాక్షికగ్రహణమే మిగిలెను.

పూర్వుల యెంపికలు

దక్షిణభారతమున స్థలనిర్ణయమునకు ప్రసిద్ధికెక్కిన దృష్టాంతము 1868 ఆగస్టు 18నాటి గ్రహణము. ఆనాటి ఛాయామార్గము పడమటి తీరమునుండి బిజాపూరు ప్రాంతముమీదుగా సాగి, గుంటూరు, మచిలీపట్టణములను దాటి బంగాళాఖాతమున ప్రవేశించెను. మద్రాసు నక్షత్రశాలకు అధిపతియైన పాగ్సన్ మచిలీపట్టణమును ఎంచుకొనెను. ఆ శాలలోనే పనిచేయుచుండిన చింతామణి రఘునాథాచార్యులు నేటి తెలంగాణలోని వనపర్తి వెళ్ళెను. జాన్ హెర్షెల్ అను సైనికాధికారి నేటి కర్ణాటకలోని జమఖండిలో విడిసెను. టెన్నెంట్ అను మఱియొక అధికారి గుంటూరున నిలిచెను.

ఫ్రాన్సు దేశమునుండి వచ్చిన జాన్సెన్ పండితుడును గుంటూరునే కోరుకొనెను. అతడు చూపిన కారణము గమనింపదగినది. గుంటూరు ఛాయామార్గపు నడిమిగీతమీద నుండెను. సముద్రమునకును కొండలకును ఇంచుమించు సమదూరమున నుండెను. అందుచే మచిలీపట్టణమువంటి తీరస్థలములందలి సముద్రపు మంచుపొరల బాధయు, కొండకొమ్ముల నాశ్రయించు మబ్బుల బాధయు రెండును తప్పునని అతడు తర్కించెను. వర్షాకాలమైనను అతని తర్కము ఫలించినది. ఐదున్నర నిమిషములకు మించిన ఆ సంపూర్ణస్థితిలో అతడు సూర్యుని అంచున లేచు జ్వాలల వర్ణపటమును పరిశీలించి, అవి ఎంత ప్రకాశవంతములో గుర్తించి, గ్రహణము లేకయే వానిని చూడవచ్చునని మఱునాడే గుంటూరులో నిరూపించెను. ఆనాటి వర్ణపటములలో కనిపించిన పసుపుపచ్చని గీత సోడియమునకు చెందినది కాదనియు, క్రొత్త మూలపదార్థమునకు గుర్తనియు అటుపిమ్మట తేలినది. హీలియమను పేరొందిన ఆ వాయువును భూమిమీద 1895లో రామ్సే కనుగొనెను. జమఖండిలో హెర్షెల్‌కు మాత్రము మబ్బులు అడ్డుపడుచు, నడుమనడుమ సందులలో మాత్రమే సూర్యుడు చిక్కెను. ఒకే గ్రహణము, ఒకే పట్టె. ఫలము మాత్రము స్థలమునుబట్టి వేఱయ్యెను.

1871 డిసెంబరు 12నాటి గ్రహణము మలబారు తీరమునుండి నీలగిరులు, అవినాశి, పుదుక్కోట ప్రాంతములమీదుగా సింహళమునకు సాగెను. ఇంగ్లండునుండి లాకియర్ నాయకత్వమున వచ్చిన బృందము అంతయు ఒకేచోట నిలువలేదు. అది బేకల్, మానంతవాడి, పుదుక్కోట, యాళ్పాణము, తిరుకోణమలలకు పంచుకొని వెళ్ళెను. పాగ్సన్ అవినాశిలోను, జాన్సెన్ నీలగిరులలోని షోలూరులోను నిలిచిరి. ఒకచోట మబ్బు పట్టినను మఱియొకచోట పని జరుగవలెనన్నది వారి యుద్దేశము. కూడి వెళ్ళు సంఘములకు ఇది నేటికిని పనికివచ్చు నీతి.

1898 జనవరి 22నాటి గ్రహణమునకు కాలమే అనుకూలించినది. మహారాష్ట్ర తీరమున విజయదుర్గము వద్ద లాకియరును, సోలాపూరు జిల్లాలోని జేవూరు వద్ద అమెరికానుండి వచ్చిన క్యాంబెల్, పూనానుండి వచ్చిన నేగాంవాలాయు పరిశీలనలు జరిపిరి. జేవూరు రైలుమార్గముమీద నున్నది. బరువైన పరికరములు చేరవేయుటకు వీలైనది. జనవరి మాసమున దక్కను పీఠభూమిపై ఆకాశము నిర్మలముగా నుండును. గీత, ఆకాశము, దారి అను మూడును ఒకచోట కుదిరిన స్థలమది.

1980 ఫిబ్రవరి 16నాటి గ్రహణము ప్రవాసాంధ్రులు నివసించు ప్రాంతములను దండలో పూవులవలె కూర్చి సాగినది. కర్ణాటక తీరమున అంకోలా వద్ద నేలను తాకి, హుబ్బళ్ళి, రాయచూరు ప్రాంతములమీదుగా నల్లగొండ, ఖమ్మముల దాటి, ఒడిశాలో పూరీ తీరమును చేరెను. కాలము మధ్యాహ్నము మూడున్నర దాటిన పిమ్మట. ఋతువు మబ్బులు తక్కువగా నుండు ఫిబ్రవరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందిన 48 అంగుళముల దూరదర్శిని గల జపాల్ రంగాపురము నక్షత్రశాల ఆ పట్టెలోపలనే యుండుట ఒక విశేషము. భారత ఖగోళభౌతిక సంస్థవారు రాయచూరు ప్రాంతమున జవళగెరలోను, అమెరికా శాస్త్రజ్ఞులు పాలెములోను విడిదిచేసిరి. దేశాంతరములనుండి శాస్త్రజ్ఞులు వెదకికొని వచ్చిన ఆ పట్టెలోనే నివసించు వేలకొలది గృహస్థులు, కన్నులు పోవునన్న భయముచేత తలుపులు బిగించుకొని లోపల కూర్చుండిరి. వీధులు నిర్మానుష్యములయ్యెను. నీడ వారి యిండ్లకప్పులమీదుగానే సాగిపోయెను.

గీతయొక్క లెక్క

స్థలమును ఎంచువారు మొట్టమొదట చూడవలసినది ఛాయామార్గపు పటము. మన దేశమున కలకత్తాలోని పొజిషనల్ ఆస్ట్రానమీ సెంటరువారు గ్రహణగణితమును ప్రకటింతురు. పటమున మూడు గీతలుండును: ఉత్తరపు అంచు, నడిమిగీత, దక్షిణపు అంచు. నడిమిగీతమీద సంపూర్ణస్థితి అత్యధికకాలము నిలుచును, అంచున శూన్యమగును.

అయితే ఈ తగ్గుదల సమానముగా జరుగదు. నడిమిగీతమీద నిమీలనమునుండి ఉన్మీలనము వఱకు 160 సెకనులు పట్టునని యనుకొందము. నడిమిగీతనుండి అంచునకు గల దూరములో సగము ప్రక్కకు జరిగినను సుమారు 139 సెకనులు లభించును. మూడుపాళ్ళు జరిగినచో 106, పదింట తొమ్మిది వంతులు జరిగినచో 70 సెకనులు లభించును. వృత్తములో కేంద్రమునుండి దూరము జరిగినకొలది జ్యా తగ్గు విధముననే ఇదియు తగ్గును. దీనినిబట్టి రెండు విషయములు తేలుచున్నవి. నడిమిగీతకై పట్టుబట్టి, చెడ్డ దారినో మబ్బుగల చోటునో కోరుకొననక్కఱలేదు. సగము దూరమువఱకు నష్టము స్వల్పము. అంచు దగ్గఱ మాత్రము ఒక్కొక్క కిలోమీటరుకు సెకనులు వడివడిగా పోవును. కనుక అంచునకు సమీపమున నున్న పట్టణవాసులు తమ ఊరు పట్టెలోపలనే యున్నదిగదా యని తృప్తిపడక, పది ఇరువది కిలోమీటరులు లోపలికి జరుగుట మేలు.

ఆకాశముయొక్క లెక్క

రెండవది మబ్బుల విచారణ. ఆ మాసమున, ఆ వేళకు, ఆ ప్రాంతమున మబ్బులు ఎన్నిదినములు పట్టునో వాతావరణశాఖవారి పూర్వలేఖనములవలన తెలియును. స్థానికులైన రైతులు, బెస్తవారు చెప్పు అనుభవమును తోసివేయరాదు. ఏ కొండప్రక్క మధ్యాహ్నము మబ్బు లేచునో, ఏ యేటిలోయలో తెల్లవారు మంచు ఎంతసేపు నిలుచునో వారికి తెలిసినట్లు ఇతరులకు తెలియదు. కొండలకు గాలి తగులు ప్రక్కకంటె చాటుప్రక్క సాధారణముగా మేలు. ఎండవేడికి పుట్టు చిన్న దూదిమబ్బులు గ్రహణపు చల్లదనమునకు కరగిపోవుట కలదు. వర్షాకాలపు ముసురు, ఎత్తున పఱచుకొన్న పొరమబ్బు అట్లు తొలగవు.

ఋతువుయొక్క ప్రభావము ఇటీవలి మూడు గ్రహణములందు స్పష్టముగా కనిపించినది. 1995 అక్టోబరు 24న వర్షములు వెనుదిరిగిన పిమ్మట రాజస్థానములోని నీమ్ కా థానాలోను, బెంగాలులోని డైమండ్ హార్బరులోను ఆకాశము నిర్మలముగా నుండి, నిమిషమునకు అటునిటైన సంపూర్ణస్థితి చక్కగా కనిపించెను. 1999 ఆగస్టు 11న ఛాయామార్గము కచ్ఛమునుండి శ్రీకాకుళము దిక్కుగా వచ్చి సూర్యాస్తమయవేళ బంగాళాఖాతమున ముగిసెను. కాని నడివర్షాకాలపు మబ్బులు దేశమున అనేకులను నిరాశపఱచెను. 2009 జూలైలో పాట్నా సమీపమున తారేగనా గ్రామము మిగిలినచోట్లకంటె అనుకూలమని పేరుపడి, అచ్చటికి జనము వెల్లువగా పోయిరి. ఆనాటి ఉదయము తారేగనాను మబ్బు కప్పివేసెను. కాశీలో గ్రహణము కనిపించెను. సగటు లెక్క అవకాశమును మాత్రమే చెప్పును, అభయమీయదు.

అందుచే విజ్ఞులు ఒక స్థలమును గాక రెండు స్థలములను ముందుగా నిర్ణయించుకొందురు. రెండును పట్టెలోపలనే యుండవలెను. వాని నడుమ మంచి రహదారి యుండవలెను. రెండవది వేఱు వాతావరణము గలదై, మొదటిది తీరమైనచో రెండవది లోనాడై యుండవలెను. ముందునాటి సాయంకాలము వాతావరణ సూచనను చూచి రెంటిలో నొకటి స్థిరపఱచుకొనుట ఉచితము. గ్రహణము ఆరంభమైన పిమ్మట పరుగులు తీయుట వ్యర్థము. దారిలోనే నీడ దాటిపోవును.

క్షితిజము, దారి, నీరు

మూడవది స్థలము నేలమీద ఎట్లున్నదను విషయము. గ్రహణవేళకు సూర్యుడు ఏ దిక్కున, ఎంత ఎత్తున నుండునో తెలిసికొనవలెను. చేయి చాచి పిడికిలి పట్టినచో దాని వెడల్పు ఆకాశమున సుమారు పది అంశలు. సూర్యుడు ముప్పది అంశల ఎత్తున నుండునన్న, దిగంతమునుండి మూడు పిడికిళ్ళు. ఆ దిక్కున చెట్లు, మేడలు, గుట్టలు అడ్డురాకుండ చూచుకొనవలెను. రెండుమూడు దినములు ముందుగా అదే వేళకు అచ్చటనే నిలిచి చూచిన సందేహము తీఱును. ఆ స్వల్పకాలములో సూర్యుని స్థానము గుర్తింపదగినంత మాఱదు. 1980లోవలె సాయంకాలపు గ్రహణమునకు పడమటి ఆకాశము, ప్రాతఃకాలపు గ్రహణమునకు తూర్పు ఆకాశము విశాలముగా నుండుట అవసరము. నీడ పడమటినుండి ముంచుకొని వచ్చు దృశ్యమును చూడగోరువారు ఎత్తైన మైదానమును కోరుకొందురు.

గ్రహణస్నానము, జపము ఆచరించు కుటుంబములకు ఈ విచారణ అడ్డు కాదు. పట్టెలోపలనే నదీతీరమో సముద్రతీరమో చూచుకొని, సూర్యుడుండు దిక్కు తెఱపిగా నున్న రేవును ఎంచుకొన్నచో స్నానమును దర్శనమును రెండును సమకూరును. అయితే ప్రసిద్ధతీర్థములందు జనసమ్మర్దము మిక్కుటము. వృద్ధులు, శిశువులు వెంటనున్నవారికి చిన్న రేవు క్షేమము.

సంఘముగా వెళ్ళువారికి పాఠశాల మైదానము శ్రేష్ఠము. నీడ, త్రాగునీరు, మఱుగుదొడ్లు, బండ్లు నిలుపు చోటు అచ్చట దొరకును. అధికారుల అనుమతి ముందుగా పొందవలెను. వెళ్ళునపుడుకంటె తిరిగివచ్చునపుడు దారులు క్రిక్కిఱియును. అందఱును ఒకేసారి బయలుదేఱుటయే దానికి కారణము. కొంతసేపు నిలిచి, మోక్షకాలము గడిచిన పిమ్మట కదలుట మేలు.

కన్నుల రక్షణ

ఎంత మంచి స్థలమైనను కన్నులను పోగొట్టుకొను చోటు కారాదు. గ్రహణకాలమున సూర్యునినుండి క్రొత్త విషమేదియు వెలువడదు. ఎల్లపుడును చూడరాని సూర్యుని ఆనాడు కుతూహలముచేత తేఱిపాఱ చూచుటయే ప్రమాదహేతువు. కంటిలోని తెరకు నొప్పి తెలియదు గనుక, హాని జరిగిన సంగతి ఆలస్యముగా తెలియును. మసిపట్టిన గాజు, ఎక్స్‌రే ఫిలిము, నల్లకళ్ళజోడు, పళ్ళెములోని పసుపునీటి ప్రతిబింబము, ఇవి ఏవియు చాలవు. ఐ.ఎస్.ఓ. 12312-2 ప్రమాణమునకు సరిపోవు గ్రహణపు కళ్ళజోడుగాని, 14వ నంబరు వెల్డింగు గాజుగాని వాడవలెను. జల్లెడ పట్టి దాని నీడను తెల్లగుడ్డమీద పడనిచ్చినచో, ప్రతి రంధ్రమునుండియు ఒక్కొక్క చిన్న నెలవంక క్రింద పడును. ఆకుసందులనుండి పడు వెలుగుచుక్కలును అట్లే మాఱును. పిల్లలకు ఇంతకంటె క్షేమమైన పరికరము లేదు.

సూర్యబింబము పూర్తిగా కప్పబడిన ఆ కొలది సెకనులు మాత్రమే వట్టికన్నులతో చూడదగినవి. ఉంగరమున రవ్వవలె మొదటి వెలుగుచుక్క తిరిగి పొడమినంతనే కళ్ళజోడు ధరింపవలెను. పట్టెకు వెలుపలనున్నవారికిని, కంకణగ్రహణము చూచువారికిని వట్టికన్నులతో చూడదగిన క్షణము ఒక్కటియు లేదు. స్థలమునుబట్టి దృశ్యమే గాక, రక్షణవిధియు మాఱుచున్నదని దీనివలన గ్రహింపదగును.

రానున్న అవకాశములు

2031 మే 21నాటి కంకణగ్రహణము కేరళలోని కొచ్చి ప్రాంతముమీదుగా తమిళనాడులోని మధురకు సాగును. తరతరములుగా తెలుగు కుటుంబములు నివసించు మధుర ప్రాంతమునకు అది ముంగిటికి వచ్చు అవకాశము. నైరృతి ఋతుపవనములు సమీపించు కాలము గనుక, పడమటి తీరముకంటె పడమటి కనుమలకు తూర్పునగల మైదానములను ముందుగా విచారించుట యుక్తము. 2034 మార్చి 20నాటి సంపూర్ణగ్రహణము భారతదేశమున కాశ్మీరు, లదాఖు ప్రాంతములను మాత్రమే తాకును. దక్షిణాదివారికి అది పాక్షికమే. అచ్చటికి పోదలచువారికి మంచు కప్పిన కనుమదారులు, సాయంకాలపు సూర్యునికి అడ్డువచ్చు పడమటి శిఖరములు, ఎత్తైన ప్రదేశమున ఊపిరియాడకపోవుట ప్రధానసమస్యలగును. అచ్చట గీతకంటెను దారి, క్షితిజములే తీర్పు చెప్పును.

ప్రతి తెలుగు సంఘమును గ్రహణమునకు ఒక సంవత్సరము ముందుగా పటమును తెప్పించి, తమ ఊరు పట్టెలోపలనో వెలుపలనో నిర్ణయించి, సభ్యులకు తెలుపవలెను. ఆఱునెలల ముందు రెండు స్థలములను చూచి రావలెను. నెల ముందు కళ్ళజోళ్ళు సమకూర్చి, పాఠశాలలలో జల్లెడ ప్రయోగమును చూపవలెను. ముందునాడు ఆకాశమును విచారించి బయలుదేఱవలెను. ఖర్చు స్వల్పము, శ్రమ కొలదిపాటి. 1980లో తలుపులు మూసికొనిన యిండ్లలోని శిశువులు నేడు నడివయస్సు దాటినారు. సంపూర్ణగ్రహణమును చూపుటకు వారి మనుమలను వెంటబెట్టుకొని ఎంతదూరము పోవలసియుండునో 2034నాటి పటమే చెప్పుచున్నది.